కడిగిన ఒడిబియ్యం

యశోద వేలికి జెల్లచేప ముల్లు గుచ్చుకోవడం కొత్తేమీ కాదు. ఇబ్రహీంపట్నం పెద్దచెరువులో భర్త ముత్యాలు పట్టుకొచ్చిన చేపలను సాగర్ రోడ్డు పక్కన కత్తిపీట ముందేసుకుని కోసి అమ్మడం, పెళ్లయిన కొత్తలో అత్త నేర్పిన పని. ముల్లు దిగితే ఇంత పసుపు అద్ది, గుడ్డపేలిక చుట్టి, తరువాతి చేప అందుకోవడమే. అలాంటిది పోయిన వానాకాలంలో చూపుడువేలికి దిగిన పోటు బతుకమ్మ పండుగ వెళ్లిపోయినా మానలేదు. కార్లలో వచ్చి బేరమాడే హైదరాబాదు వాళ్లు చేపను వదిలేసి వేలిని చూడడం మొదలుపెట్టారు. ఒకామె తూకం వేయించుకున్న బొచ్చెచేపను తిరిగి గంపలో వేయించి కారెక్కింది. ఆ మర్నాడే ముత్యాలు ఆమెను సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు. నెత్తురు చూసి షుగర్ అన్నారు, అన్నం తగ్గించమన్నారు.

యశోదకు భయం కన్నా ముందు సిగ్గు వేసింది. ఆమె దృష్టిలో అది కూర్చుని తినేవాళ్ల రోగం. తెల్లారకముందే లేచి, పొద్దెక్కేదాకా రోడ్డు మీద ఎండలో చేపలు కోసే మనిషికి అది వచ్చిందంటే, తిని బలిసిందంటారు తప్ప పాపం అనరు. ఇంటికొచ్చే దారిలోనే భర్తతో చెప్పింది.

"ఎవ్వలకు చెప్పకు. మా అన్నకైతే అసలే చెప్పకు."

"మీ అన్నకు చెప్తే ఏమైతది?"

"ఏమైతదో నీకు తెల్వది. ఊకో."

ముత్యాలుకు నిజంగానే తెలియదు. యశోద పుట్టిల్లు యాచారం అవతల, వాన పడితేనే పంట చూసే ఊరు. రెండిళ్లదీ కులం ఒకటే, కూడు వేరు. చిన్నప్పుడు ఆమె ఇంట్లో రెండు పూటలా జొన్నరవ్వతో కాచిన గట్కే. అన్నం పండుగ రోజున మాత్రమే. గట్క తింటుండగా ఎవరైనా గడప తొక్కితే తల్లి సుక్కమ్మ గిన్నె మీద చాట బోర్లించేది. అట్లాంటి ఇంటి పిల్లను చెరువు కింద పొలాలున్న ఊరికి ఇచ్చినప్పుడు, అన్న నారయ్య చెప్పుకున్న గొప్ప ఒకటే. నగల గురించి కాదు, ఇంటి గురించి కాదు. "మా చెల్లె ఇంట్ల దినాం అన్నమే." రేషన్ బియ్యం వచ్చి ఊరూరా అందరూ అన్నమే తింటున్న ఈ రోజుల్లో కూడా అతను ఆ మాట మానలేదు. ఆ అన్నకు, నేను మళ్లీ జొన్నరొట్టెకే వచ్చానని ఏ నోటితో చెప్పడం?

మొదట్లో ఆమె చేసిన పని చాలామంది చేసేదే. చౌరస్తాలో దుకాణానికి పోయి కొర్రలు తెచ్చింది. అన్నం వండినట్టే వండింది, కంచం నిండా కుప్ప పోసుకుంది, నడుమ గుంత చేసి చేపల పులుసు పోసుకుంది. నోటికి ఎక్కకపోయినా మందు అనుకుని మింగింది. తరువాత పరీక్షకు పోతే షుగర్ తగ్గకపోగా ఇంకాస్త పెరిగింది. దవాఖానలో సిస్టర్ అరుణజ్యోతి ఆమెను కూర్చోబెట్టింది.

"ఏం తింటున్నవ్ అక్కా?"

"అన్నం ముడ్తలేను మేడం. కొర్రలే."

"ఎన్ని?"

యశోద రెండు దోసిళ్లు పట్టి చూపించింది.

"కొర్రలైనా గంత కుప్ప పోసుకుంటె బియ్యం లెక్కనే పనిజేస్తయి. పిండి పిండే గదా. ఏం పని చేస్తవ్ నువ్వు?"

"చాపలమ్ముత."

"మరి ఇంట్ల ఎన్ని ముక్కలు తింటవ్?"

 మంచి చేపలన్నీ రోడ్డు మీదికే. ఇంటికి మిగిలేవి తలకాయలు, తోకలు, ఎవరూ కొనని చిన్న పరకచేపలు. వాటితో పులుసు పుల్లగా, కారంగా దించితే ఒక్క ముక్కకు రెండు కంచాల అన్నం పోయేది. పులుసు ఉన్నదే అన్నం పోవడానికి. ఇన్నేళ్లూ దాన్ని పొదుపు అనుకుంది.

"ఉల్టా చెయ్యి," అంది సిస్టర్. "కంచంల సగం కూర ఉండాలె. బీరకాయో, సొరకాయో, ఆకుకూరో. ఇంకో పక్క నీ చాప ముక్కలు. లేని రోజు పప్పు, గుడ్డు. మిగిలిన జాగల ఒక్క రొట్టె, లేదంటె ఒక్క గంటె అన్నం. గంటె తలగొట్టి పోసుకో, గోపురం లేపకు."

చెప్పినంత తేలికగా జరగలేదు. అన్నంలో కలుపుకోవడానికి చేసే కూర ఉత్తగా తింటే ఉప్పు, కారం నోరు పట్టనివ్వవు. సగానికి సగం తగ్గించి వండడం నేర్చుకునేసరికి ముత్యాలు, "గిది కూరనా, దవాఖాన కషాయమా," అని తన కంచంలోకి కారప్పొడి చల్లుకునేవాడు. గంగవాయిలి ఆకు వేసిన పప్పును గట్టిగా వండి చెంచాతో తిన్నది. పొద్దున ఇడ్లీ మానేసి పెసరట్టు పోసుకుంది. సాయంత్రం బండి మీది మిర్చిబజ్జీల బదులు శెనగలు ఉడకబెట్టి గుడాలు చేసుకుంది. అన్నింటికన్నా కష్టమైంది, అమ్మాల్సిన రవ్వచేప నుంచి నాలుగు ముక్కలు తనకోసం తీసి పక్కన పెట్టడం. దొంగతనం చేసినట్టుండేది. కూర కుప్ప, చేప ముక్కలు, ఓ మూలన ఒకే ఒక్క జొన్నరొట్టె ఉన్న ఆ కంచంతో తలుపు దగ్గరగా వేసుకుని కూర్చునేది. తల్లి చాట బోర్లించిన ఇంటి బిడ్డ తలుపు వేసుకుంది, అంతే తేడా.

అయినా వేలు మానడం మొదలైంది. షుగర్ దిగింది.

మాఘమాసంలో నారయ్య ఫోన్ చేశాడు.

"చెల్లె, శుక్రారం రా. ఒడిబియ్యం పోస్తం. ఈసారి కొన్నయి గావు, మన మడి బియ్యమే. భూమంత ఫార్మా సిటీకి పోంగ మిగిలింది గా మడి ఒక్కటే. బోరుల నీళ్లు గూడ గుంజుతలేవు. మల్ల ఏస్తనో లేదో."

పెళ్లయిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు కొన్నేళ్లకోసారి కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు ఒడిలో పోస్తారు. ఆమె వాటిని తన ఇంటికి మోసుకొచ్చి, వండి, ఇరుగుపొరుగును పిలిచి పెట్టి, వాళ్లతో పాటు తానూ తినాలి. అప్పుడే అది పూర్తయినట్టు. ఒడిలో పోస్తే చాలదు, పంచిపెట్టినా చాలదు. అన్న పోసిన బియ్యం ఆడబిడ్డ నోట్లోకి పోవాలి. కాదనడమంటే పుట్టిల్లు వద్దనడమే.

యశోద పోయింది. వదిన మైసమ్మ, పక్కింటి ఆడవాళ్లు దోసిళ్లతో ఒడి నింపారు. పసుపుతో మెరుస్తున్న దొడ్డుబియ్యం. మడి వాసన ఇంకా పోలేదు. తరువాత అందరినీ కూర్చోబెట్టి మైసమ్మ విస్తర్లలో అన్నం వడ్డిస్తూ వచ్చింది. యశోద విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకొద్దు వదినె. ఒక్కపొద్దున్న."

"ఒడిబియ్యం నాడు ఒక్కపొద్దేందే? ఏ దేవునికి?"

ఏ పేరు చెప్పాలో తోచక, "మైసమ్మకు," అంది.

"నాకైతె నేను తినమనే చెప్తున్న గదా," అంది వదిన. ఆడవాళ్లంతా నవ్వారు. యశోద కూడా నవ్వింది. నారయ్య మాత్రం నవ్వకుండా చెల్లెలికి ఒక అరటిపండు తెచ్చి ఇచ్చాడు. అది కూడా తినొద్దేమోనని, సంచిలో వేసుకుంది.

ఇంటికొచ్చాక బియ్యం మూట మూలన పెట్టింది. రేపు వండుదామంది, ఎల్లుండి అంది. పక్కింటి నర్సమ్మ గోడ మీది నుంచి అడగనే అడిగింది.

"ఒడిబియ్యం ఎప్పుడొండుతవే? మాకు పిలుపు లేదా, ఇద్దరే తలుపేసుకుని తింటరా?"

ఆ మాటకు యశోద ఉలిక్కిపడింది. పిలిస్తే అందరూ వస్తారు, అందరి ముందు తాను తినాలి. ఒక్క గంటెతో సరిపెడితే ఎందుకని అడుగుతారు. అసలు సంగతి అది కూడా కాదు. ఆ కొత్త బియ్యం పొయ్యి మీద ఉడుకుతున్న వాసన వస్తే ఒక్క గంటెతో ఆగుతానన్న నమ్మకం ఆమెకు తన మీద లేదు. ఇన్ని నెలలుగా కలలో కూడా అన్నమే తింటోంది.

కుడుకలు, ఖర్జూరాలు తీసి డబ్బాలో దాచి, బియ్యం మూట ఎత్తుకుని గోపయ్య పిండిగిర్నికి పోయింది. గోపయ్య బియ్యం తీసుకుని జొన్నపిండి ఇవ్వడం మామూలే. మూట విప్పగానే అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇవి ఒడిబియ్యం గదా అక్కా."

"మా ఆడిబిడ్డయి."

"ఎవలయైతె ఏంది? ఒడిబియ్యం మారుస్తరా ఎవలన్న? నాకొద్దు."

వెనక ఇద్దరు ఆడవాళ్లు మిరపకాయలు పట్టించుకోవడానికి నిలబడి ఉన్నారు. యశోద గొంతు తగ్గించింది. తాను చెప్పబోతున్నది తనకే తెలియనట్టు చెప్పేసింది.

"నాయే అన్నా. షుగరొచ్చింది. అన్నం తినొద్దన్నరు. జొన్నలు బియ్యం కన్న పిరమున్నయి. ఏం జెయ్యాలె?"

గోపయ్య జాలిపడ్డాడు. "పసుపు కనవడకుంట కడిగి, ఆరబోసుకొని తే. జూస్త. గిట్లైతె మాత్రం నా గిర్నిల పొయ్య."

మధ్యాహ్నం ఇంటి ముందు బాయి నీళ్లతో బియ్యం కడిగింది. మొదటి నీళ్లు పచ్చగా పోయాయి, రెండోసారి కొంచెం తగ్గాయి. అరచేతులతో రుద్ది రుద్ది కడుగుతుంటే గింజలు విరిగాయి. చివరికి తెల్లబడ్డాయి. మంచం మీద పాత చీర పరిచి ఆరబోసి, పిచ్చుకలను తోలుతూ పక్కన కూర్చుంది.

మోపెడ్ చప్పుడు అయితే తల తిప్పి చూసింది. నారయ్య. వెనక బోరు మోటారు తాడుతో కట్టి ఉంది.

"మోటర్ కాలిపోయింది. వైండింగుకు తెచ్చిన," అంటూ దిగాడు. "మంచినీళ్లియ్యి చెల్లె."

ఆమె లోపలికి పోయి చెంబుతో వచ్చేసరికి అతను మంచం దగ్గర నిలబడి ఉన్నాడు. గుప్పెడు బియ్యం తీసి అరచేతిలో పరిచి చూస్తున్నాడు. తడి బియ్యం అంచుల్లో ఎక్కడో పసుపు ఇంకా మిగిలే ఉంది.

"కడిగినవా?"

"పురుగు వట్టిందన్నా."

"మొన్న పోసిన బియ్యానికి పురుగా?"

 నారయ్య బియ్యాన్ని మళ్లీ చీర మీద పోసి, చెయ్యి దులుపుకోకుండా, వేళ్లకు అంటుకున్న గింజలను ఒక్కొక్కటే తీసి అక్కడే వేశాడు. చెంబు అందుకోలేదు. "మోటర్ దుకాణం బందువెడ్తడు," అని బండెక్కాడు.

పొద్దుగూకే వేళకు మైసమ్మ ఫోన్ వచ్చింది.

"మీ అన్న అన్నం ముడ్తలేడు. ఏమైందంటె నోరు తెరుస్తలేడు. తెరిపిచ్చిన. మా బియ్యం కడిగి అమ్ముకుంటున్నవంట. అమ్మనీకి గాకుంటె పసుపు పోంగ ఎందుకు కడుగుతరు?"

"అమ్ముతలేను వదినె."

"అవ్, మీకు రేషన్ల సన్నబియ్యమే వస్తున్నయి. మా దొడ్డుబియ్యం గొంతు దిగుతయా? ముందే చెప్తె గా మడి గూడ ఎయ్యకపోదుం. నీళ్లు లేక ఆయన రాత్రి పగలు గా మడికాడనే ఉండె. ఇగ మల్ల ఒడిబియ్యమని నేనైతె అన. నీకు పుట్టిల్లు అక్కర్లేకుంటె మాకేం జబర్దస్తి."

యశోద ఫోన్ చెవికి పెట్టుకునే ఉంది. ముత్యాలు పక్కనుంచి, "నేను చెప్తనా?" అని సైగ చేశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. రోగం దాచింది సిగ్గుపడి. ఇప్పుడు ఆ సిగ్గు చాలా చిన్నదిగా కనిపించింది. మడికాడ నిద్రలేకుండా ఉన్న మనిషి, తన బియ్యం ముతకవని చెల్లెలు పారేసిందనుకుంటున్నాడు. అంతకన్నా సిగ్గుపడాల్సింది ఏముంది?

"వదినె, ఐతారం రాండ్రి. ఒడిబియ్యం ఒండుతున్న."

"కడిగినయేనా?"

"అవ్. అవే."

మైసమ్మ వస్తామనలేదు, రామనలేదు. ఫోన్ పెట్టేసింది.

ఆదివారం చేపల బేరం వదులుకుని యశోద పొయ్యి వెలిగించింది. విరిగిన గింజలు కదా, అన్నం కొంచెం మెత్తబడింది. రవ్వచేప పులుసు, బీరకాయ కూర, గంగవాయిలి పప్పు చేసింది. నర్సమ్మ, వీధిలో మరో ఇద్దరు ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. ఎండ నడినెత్తికి వచ్చాక మోపెడ్ ఆగింది. మైసమ్మ ముఖం గంటు పెట్టుకునే దిగింది. నారయ్య బావతో మాట్లాడాడు గానీ చెల్లెలి వైపు చూడలేదు.

అందరికీ వడ్డించి యశోద తన కంచం తెచ్చుకుంది. సగం బీరకాయ కూర, మూడు చేప ముక్కలు. ఓ మూలన ఒక్క గంటె అన్నం, తలగొట్టి. అన్న ఎదురుగా కూర్చుంది.

"గంతేనా?" అంది నర్సమ్మ. "నీ ఒడిబియ్యం నువ్వే తినకుంటె ఎట్ల?"

యశోద కంచంలోకే చూస్తూ చెప్పింది.

"నాకు షుగరున్నది. అన్నం ఇంతకన్న తినొద్దన్నరు. ఒండితె ఆగనేమోనని గిర్నిల జొన్నలకు మారుద్దామనుకున్న. అందుకే కడిగిన. బియ్యం ముతకవని కాదు. ఆ దినం ఒక్కపొద్దు గూడ లేదు."

నర్సమ్మ నోట్లోని ముద్ద మింగి, "షుగరా? గింతేనా. మా ఇంటాయనకు ఎన్నేండ్ల సందో ఉన్నది. నేనింకేమో అనుకున్న," అని పులుసు పోసుకుంది. అంత దాచిన సంగతి వీధికి ఒక ముద్దపాటి కబురు కూడా కాలేదు. దానితో యశోద మనసు తేలికపడలేదు. ఇంత చిన్నదాని కోసమా అన్నకు అబద్ధం చెప్పింది?

నారయ్య తినడం ఆపాడు. "గిర్నోడు పసుపు బియ్యం జూసి ఏమన్లేదా?"

"అన్నడు. తీస్కోనన్నడు."

"నువ్వేమన్నవ్?"

ఆమెకు తెలుసు ఆ ప్రశ్న ఎటు పోతోందో. "షుగర్ అని చెప్పిన."

"వానికి చెప్పినవ్."

అంతే అన్నాడు. కోపంగా అనలేదు. మైసమ్మ భర్త ముఖం చూసి, ఆడబిడ్డ ముఖం చూసి, అనాలనుకున్న మాటలేవో మింగి, "కూర చప్పగున్నది," అని మాత్రం అంది. నారయ్య కంచంలో అన్నం అంతా మెతుకు మిగలకుండా తిన్నాడు. ముత్యాలు మారు వడ్డించబోతే వద్దన్నాడు. యశోద తన ఒక్క గంటె అన్నం చివరన తిన్నది. మెతుకు గొంతు దిగడం ఇంత కష్టమని గట్క తిన్న రోజుల్లో కూడా ఆమెకు తెలియదు.

పోయేటప్పుడు మైసమ్మ బొట్టు పెట్టించుకుని, రవికె గుడ్డ తీసుకుంది. నారయ్య బండి తిప్పి, కాలు నేల మీద ఆనించి ఆగాడు.

"రేపటి సంది పొద్దుగాల ఫోన్ చెయ్యి. ఏం తిన్నవో నాకు చెప్పు. గిర్నోని కన్న ముందు చెప్పు."

మర్నాడు రోడ్డు మీదికి పోయే ముందు యశోద ఫోన్ తీసుకుని గడప మీద కూర్చుంది. రెండుసార్లు తీసి పెట్టేసి, మూడోసారి నొక్కింది. నారయ్య ఎత్తాడు. పలకరింపు లేదు.

"ఏం తిన్నవ్?"

"పెసరట్టు. నిన్నటి బీరకాయ కూర."

"అన్నం?"

యశోద లోపలికి చూసింది. పొయ్యి పక్కన గిన్నె బోర్లించి ఉంది, కడిగి కూడా పెట్టేసింది. తెల్లారగట్ల ముత్యాలు చెరువుకు పోయాక, నిన్న మిగిలిన ఒడిబియ్యం అన్నం, అడుగున ఉన్న పులుసు కలుపుకుని, లైటు వేయకుండా, నిలబడే తిన్నది. ముత్యాలుకు తెలియదు. లేదని చెప్పినా ఎవరికీ తెలియదు.

"తిన్న," అంది. "ఒక్క గంటె గాదు. గిన్నెల ఉన్నదంత తిన్న."

 ఫోన్ పెట్టేశాడేమోనని ఆమె చెవి నుంచి తీసి చూసుకుంది. పెట్టలేదు.

"బియ్యం మంచిగున్నయా?" అన్నాడు నారయ్య.

"మంచిగున్నయన్నా," అంది యశోద. ఎదురుగా ఎవరూ లేకపోయినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది.